కాడగా మారిన కణాలు

జీవశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఎవరికీ పట్టని అధ్యాయం ఒకటి ఉంటుంది. దానికి ముందు బాక్టీరియా, వైరస్‌లు ఉంటాయి. జబ్బులు తెప్పిస్తాయి కనక వాటికి భయంతో కూడిన గౌరవం ఉంది. దాని తరవాత మొక్కలు, జంతువులు ఉంటాయి. అవి కంటికి కనిపిస్తాయి. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్న అధ్యాయం పేరు ‘ప్రొటిస్టులు, శిలీంధ్రాలు’. మా రోజుల్లో అమీబా బొమ్మ వేసి, లోపల పెన్సిలుతో చుక్కలు పెట్టి, మిథ్యాపాదాలకి బాణం గుర్తు గీస్తే మార్కులు వచ్చేసేవి. నేను ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాను కనక పదో తరగతితోనే అమీబాకీ నాకూ ఋణం తీరిపోయింది. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, ఇరవై ఏళ్ళుగా కంపెనీల డేటాబేసులు బాగుచేస్తూ బతుకుతున్నవాడికి మళ్ళీ అమీబాతో పనేమిటి? మా అమ్మాయి హైస్కూలు పుస్తకం వల్ల ఆ పని పడింది. తనకి పరీక్ష, నాకు ప్రశ్నలడిగే ఉద్యోగం. పరీక్ష అయిపోయింది, తను ఆ అధ్యాయం మర్చిపోయింది కూడా. నాకే వదల్లేదు. అందులో ఒక జీవి గురించి ఉన్న నాలుగు వాక్యాలు పట్టుకుని, దొరికిన పుస్తకాలూ పరిశోధన పత్రాలూ చదువుతూ పోయాను. ఈ వ్యాసం ఆ చదువు గురించే అనుకుంటే అనుకోండి. నిజానికి మనం సభల్లోనూ ఇళ్ళల్లోనూ తెగ వాడే ఒక మాట గురించి. ఆ మాట ‘త్యాగం’.

ముందు ప్రొటిస్టుల సంగతి. ప్రతి ఇంట్లోనూ వంటగదిలో ఒక సొరుగు ఉంటుంది. ఎక్కడా పెట్టడానికి వీల్లేని తాళంచెవులు, రబ్బరు బ్యాండ్లు, పనిచేస్తాయో లేదో తెలియని బ్యాటరీలు అన్నీ అందులో పడేస్తాం. జీవశాస్త్రానికి అలాంటి సొరుగు ప్రొటిస్టా. 1866లో జర్మనీ శాస్త్రవేత్త హెకెల్ ఆ పేరు పెట్టాడు. 1969లో విటేకర్ ప్రాణికోటిని అయిదు రాజ్యాలుగా విడదీసినప్పుడు కూడా ఆ సొరుగు అలాగే ఉండిపోయింది. కణంలో కేంద్రకం ఉండాలి, మొక్క కాకూడదు, జంతువు కాకూడదు, శిలీంధ్రం కాకూడదు. అంటే ఏం కాదో చెప్పే నిర్వచనమే తప్ప ఏమిటో చెప్పేది కాదు. మలేరియా పరాన్నజీవి, చెరువు నీటిలో ఈదే పారమీసియం, సముద్రంలో పొడుగ్గా పెరిగే గోధుమరంగు నాచు, అన్నీ ఒకే సొరుగులో. ఇప్పుడు జన్యువులు చదవడం వచ్చాక తేలిందేమిటంటే, ఆ సొరుగులోని వస్తువుల్లో చాలావాటికి ఒకదానితో ఒకటికి చుట్టరికమే లేదు.

శిలీంధ్రాల సంగతి ఇంకా వింత. పుట్టగొడుగు మొక్కలాగా నేలలోంచి వస్తుంది కనక మనం దాన్ని కూరగాయల పక్కన పెట్టాం. కానీ దాని కణం గోడలో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండే సరుకు. పిండిపదార్థాన్ని అది దాచుకునేది గ్లైకోజన్ రూపంలో, మన కాలేయంలాగే. వంశవృక్షం గీస్తే శిలీంధ్రాలు మొక్కల కన్నా మనకే దగ్గర చుట్టాలు. పైకి కనిపించే గొడుగు కాయలాంటిది; అసలు జీవి నేలలోపల దారాల్లాగా అల్లుకుని ఉంటుంది. మన భాషలో దానికి పెట్టిన పేరు చూడండి: పుట్ట మీది గొడుగు. చెదపురుగులు పుట్టలో నమిలిన ఆకులూ పుల్లలూ పోగేసి, వాటి మీద ఒక జాతి శిలీంధ్రాన్ని సాగుచేసుకుంటాయి. వానలు పడగానే ఆ తోటలోంచే పుట్ట పైకి గొడుగులు లేస్తాయి. ఆ మాట పుట్టించిన పల్లెటూరివాడికి ఈ శాస్త్రం తెలియకపోవచ్చు గానీ, ఏది ఎక్కణ్ణించి వస్తోందో తెలుసు. మనం మాత్రం ఆ పదాన్ని అమీర్‌పేటలో కోచింగు సెంటర్లకి వాడి అరగదీశాం.

సొరుగులోంచి నన్ను పట్టుకున్న జీవి పేరు డిక్టియోస్టీలియం డిస్కాయిడియమ్. పేరు చూసి భయపడకండి, ఇకమీదట ‘డిక్టీ’ అంటాను. దాంతో పనిచేసేవాళ్ళూ అలాగే అంటారు. జిగురు బూజుల జాతిది. చాలాకాలం దీన్ని శిలీంధ్రాల్లో కలిపి బోటనీవాళ్ళు చెప్పేవారు, తరవాత ప్రొటిస్టుల సొరుగులోకి మార్చారు. కెనెత్ రేపర్ అనే ఆయన 1933లో నార్త్ కరొలైనా కొండల్లో, అడవిలో కుళ్ళుతున్న ఆకుల్లో దీన్ని కనిపెట్టాడు. 2010లో టోక్యో చుట్టూ రైలుమార్గాల లాంటి వల అల్లిందని పత్రికలు గోల చేసిన పసుపుపచ్చ జిగురు బూజు వేరు. అది ఒకటే పెద్ద ముద్ద. ఇది అలాక్కాదు.

మామూలు రోజుల్లో డిక్టీ ఒంటరి అమీబా. మట్టిలో బాక్టీరియాని తింటూ, రెండుగా చీలుతూ, ఎవరి బతుకు వాళ్ళు బతుకుతుంటాయి. పక్కదానితో పనిలేదు. కష్టం వచ్చిపడేది తిండి అయిపోయినప్పుడు. అప్పుడు ఆకలిగొన్న కణం ఒక రసాయనాన్ని బయటికి వదులుతుంది. పక్క కణం దాన్ని పసిగట్టి, అటువైపు నాలుగడుగులు వేసి, తనూ అదే రసాయనాన్ని వదులుతుంది. దాని పక్కది ఇంకోటి. సుమారు ఆరేసి నిమిషాలకి ఒకసారి ఈ కబురు అలల్లాగా బయటికి వెళుతూ ఉంటే, కణాలు లోపలికి వచ్చి చేరుతూ ఉంటాయి. ఆ రసాయనం పేరు సైక్లిక్ ఏఎంపీ. 1967లో గుర్తుపట్టారు. దాన్నే మన శరీరం కూడా కణాల లోపల కబుర్లు మొయ్యడానికి వాడుకుంటుంది. ఆ సంగతి తెలియక ముందు, 1947లోనే, ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన జాన్ టైలర్ బానర్ ఆ తెలియని పిలుపుకి ‘అక్రేసిన్’ అని పేరు పెట్టాడు. స్పెన్సర్ కావ్యంలో మగవాళ్ళని పిలిచి పశువులుగా మార్చేసే మాయలాడి పేరు మీదుగా. ఆయన 2019లో, నూరేళ్ళకి కొంచెం ముందు పోయాడు. జీవితమంతా ఈ ఒక్క పురుగు చుట్టూనే తిరిగాడు. అది పురుగు కాదనుకోండి.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మొదట పిలిచేది ఎవరు? నాయకకణం అంటూ ఒకటుందా? చాలాకాలం ఉందనే అనుకున్నారు. 1970లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్, లీ సెగెల్ లెక్కలు వేసి, నాయకుడి అవసరమే లేదని చూపించారు. అన్నీ ఒకేలాంటి కణాలైనా చాలు. ఆకలి వేళకి ఎక్కడో కొంచెం ఎక్కువ తక్కువ వస్తుంది, ఆ తేడా తనంతట తనే పెరిగి కేంద్రమవుతుంది. సర్వర్లు లేని వ్యవస్థలు రాసేవాళ్ళం దీనికోసం చాలా కష్టపడతాం.

లక్ష కణాల దాకా అలా ఒకచోట పోగై, రెండు మూడు మిల్లీమీటర్ల పొడుగున్న చిన్న జలగలాంటి రూపం తీసుకుంటాయి. ఆ జలగ వెలుతురు వైపు పాకుతుంది, వెచ్చదనం వైపు పాకుతుంది. మట్టి పైభాగానికి వచ్చాక ఆగి, నిలబడుతుంది. ముందు భాగంలో ఉన్న కణాలు, ఇంచుమించు ప్రతి అయిదింటిలో ఒకటి, ఒక సన్నటి గొట్టంలోకి దిగి, చుట్టూ సెల్యులోజు గోడ కట్టుకుని, ఉబ్బి, చచ్చిపోతాయి. చచ్చి గట్టిపడి, కాడ అవుతాయి. మిగతా నాలుగు వంతుల కణాలూ ఆ కాడ మీదుగా పైకెక్కి, కొసన గుండ్రటి బిందువులాగా చేరి, సిద్ధబీజాలుగా మారతాయి. అటుగా పోయే ఏ చిన్న పురుగుకో వానపాముకో అంటుకుని ఇంకోచోటికి వెళతాయి. అక్కడ తిండి ఉంటే మళ్ళీ అమీబాలై బతుకుతాయి. ఇదంతా ఒక్క రోజులో, ఇరవై నాలుగ్గంటల్లో జరిగిపోతుంది.

మా అమ్మాయి పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాల్లో చివరిది ఇదే: కాడ కణాలు మిగతావాటి కోసం ప్రాణత్యాగం చేస్తాయి.

అమెరికాలో ఉన్న తెలుగువాడు ఈ వాక్యం చదివి ముందుకి పోలేడు. ఆ బొమ్మ చూస్తే అర్థమవుతుంది: కింద మట్టిలో పాతుకున్న కాడ, పైన గాలికో పురుగుకో అంటుకుని ఎగిరిపోవడానికి సిద్ధంగా ఉన్న గింజలు. మన సభల్లో వేదిక ఎక్కిన ప్రతివాడూ ‘మా అమ్మానాన్నల త్యాగం వల్ల’ అని మొదలుపెడతాడు. మాట నిజమే. పుస్తెలు తాకట్టుపెట్టి కట్టిన ఫీజులు నాకు తెలుసు. చదువు మానేసిన అక్కలు తెలుసు. ఇక్కడికి వచ్చాక కూడా కాడ కణాలు ఉన్నాయి. 2015లో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చేదాకా, హెచ్-4 వీసా మీద వచ్చి, ఇంజనీరింగు పట్టా పెట్టెలో పెట్టుకుని, ఏళ్ళ తరబడి అపార్టుమెంటు కిటికీలోంచి పార్కింగు లాట్ చూస్తూ గడిపిన ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు? వాళ్ళ గురించి ఏ వేదిక మీదా ఎవరూ ఏమీ అనలేదు.

చెప్పడం మరిచాను, ఈ గింజలు కూడా వట్టి చేతుల్తో పోవు. డిక్టీ వంశాల్లో సుమారు మూడోవంతు, తిండికి పనికొచ్చే బాక్టీరియాని సిద్ధబీజాలతో పాటు మూటగట్టుకు పోతాయని 2011లో కనుక్కున్నారు. కొత్త నేలలో దిగాక విత్తనంలాగా చల్లి, పెంచుకుని తింటాయి. హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఆవకాయ జాడీకి నాలుగు చుట్లు టేపు వేసిన జాతికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

సరే, త్యాగం. ఆ మాటని అమీబాకి వాడొచ్చా?

శాస్త్రవేత్తలకి ఇది కవిత్వం కాదు, చిక్కు ప్రశ్న. చచ్చిపోయే గుణం ఉన్న కణం పిల్లల్ని కనదు. కననప్పుడు ఆ గుణం ఎలా మిగిలింది? జవాబు 1964లో హామిల్టన్ అనే కుర్ర శాస్త్రవేత్త లెక్క కట్టి చెప్పాడు. నేను పోయినా, నా జన్యువులే ఉన్న నా వాళ్ళు మిగిలితే ఆ గుణం మిగులుతుంది. ఆ ఆలోచన అంతకు ముందే జె.బి.ఎస్. హాల్డేన్‌కి తట్టిందంటారు. ఇద్దరు అన్నదమ్ముల కోసమైతే, లేదా ఎనిమిదిమంది కజిన్ల కోసమైతే, తన ప్రాణం ఇస్తానన్నాడని ఒక చమత్కారం ఆయన పేరు మీద చలామణీలో ఉంది. తోబుట్టువుతో మనకి సగం పోలిక, కజిన్‌తో ఎనిమిదో వంతు. అదీ లెక్క.

ఈ హాల్డేన్ మనకి బొత్తిగా పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చి, పంచె కట్టుకుని, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. పోతూ పోతూ తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఎవరికి ఎంత పోలిక ఉంటే ఎంత ఇవ్వాలో లెక్క చెప్పాడని పేరుపడ్డ మనిషి, చివరికి ఉన్న ఒక్క శరీరాన్నీ ఏ పోలికా లేని కాకినాడ కుర్రాళ్ళకి ఇచ్చాడు. 1955లో ఆయనే ఒక వ్యాసంలో ఈ లెక్క సంగతి రాస్తూ, తాను రెండుసార్లు నీళ్ళలో మునిగిపోతున్నట్టున్నవాళ్ళని బయటికి లాగాననీ, ఆ క్షణంలో ఇలాంటి లెక్కలు వేసుకునే తీరిక తనకి లేదనీ ఒప్పుకున్నాడు.

తెలుగులో అసలు ఆ లెక్క మొదలు కూడా కాదు. పెదనాన్న కొడుకూ అన్నయ్యే, పిన్ని కొడుకూ అన్నయ్యే. సగానికీ ఎనిమిదో వంతుకీ మన భాషలో ఒకటే మాట.

డిక్టీ విషయంలో మాత్రం హామిల్టన్ లెక్క బాగానే కుదిరింది. అడవిలో దొరికే కాడల్లో చాలావాటిలో ఉన్నవన్నీ దగ్గర చుట్టాలే. హ్యూస్టన్‌కి దగ్గర్లో ఒక ఆవుల పచ్చికబీడులో పన్నెండు మీటర్ల మేర ఒకే కణం సంతానం పరుచుకుని ఉన్న సంగతి అక్కడి పరిశోధకులు 2009లో ప్రకటించారు. చుట్టాన్ని గుర్తుపట్టే రెండు జన్యువుల గురించి 2011లో తేల్చారు. ఒక కణం పైనున్న తాళానికి ఇంకో కణం పైనున్న తాళంచెవి పట్టకపోతే విడిపోతాయి. వాటికి టైగర్ జన్యువులని పేరు.

మోసగాళ్ళు కూడా ఉన్నారు. జోన్ స్ట్రాస్‌మన్, డేవిడ్ క్వెలర్ అనే దంపతులు రైస్ యూనివర్సిటీలో ఉండగా, వేరువేరు వంశాల డిక్టీలని కలిపి చూసి 2000లో ఆ సంగతి ప్రకటించారు. కొన్ని వంశాలు కాడలో తమ వంతు తప్పించుకుని, గింజల్లో ఎక్కువ చోటు సంపాదిస్తాయి. ప్రయోగశాలలో దొరికిన ఒక మోసగాడి కథ తమాషాగా ఉంటుంది. మంచివాళ్ళతో కలిపితే అది దర్జాగా పైకెక్కుతుంది. దాన్ని దాని జాతితోనే వదిలేస్తే గింజలే సరిగ్గా కట్టలేక చతికిలబడుతుంది. అందరూ ఎక్కేవాళ్ళే అయితే ఎక్కడానికి కాడ ఎక్కడిది?

ఇంతవరకూ చదివి నేను ఆగిపోవచ్చు. ‘చూశారా, అమీబాలో కూడా త్యాగం ఉంది, మోసం ఉంది’ అని ముగిస్తే చప్పట్లు పడతాయి. కానీ ఆ ముగింపు నాకు నచ్చదు. ప్రకృతిలో ఉన్నది కనక మంచిది అనడానికి వీల్లేదని హ్యూమ్ 1740 నాటికే చెప్పాడు. ‘ఉంది’ లోంచి ‘ఉండాలి’ పుట్టదు. నన్ను పట్టి ఆపింది వేరే విషయం. అయిదింటిలో ఆ ఒక్కటీ ఎవరు? ఎవరు కాడ, ఎవరు గింజ అని నిర్ణయించేదేమిటి?

దీనికి జవాబు తెలుసు. ఆకలి మొదలయ్యే వేళకి ఆ కణం తన విభజన చక్రంలో ఏ దశలో ఉందన్నది ఒక కారణం. అప్పుడే చీలి, చిన్నగా, వట్టి కడుపుతో ఉన్నది కాడవైపు మొగ్గుతుంది. తిండి రెండో కారణం. గ్లూకోజు బాగా పెట్టి పెంచిన కణాల్నీ, గ్లూకోజు లేకుండా పెంచినవాటినీ కలిపి చూశారు, 1970ల్లోనే. తిన్నవి గింజలయ్యాయి, తిననివి కాడలో పడ్డాయి. ఇంకొకటుంది. కణాల్ని కాడవైపు నెట్టే ఒక రసాయనాన్ని తయారుచేసేది గింజలు కాబోయే కణాలే. బక్కవి ఆ రసాయనానికి త్వరగా లొంగుతాయి.

ఇది తెలిశాక ‘ప్రాణత్యాగం’ అన్న మాట నా గొంతులో అడ్డం పడింది. ఇక్కడ ఎవరూ ఏదీ త్యజించలేదు. ఆకలి వచ్చిన క్షణానికి ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఎవరి కడుపులో ఏముంది, అంతే. కాడని తయారుచేసి, ఆ తరవాత దానికి త్యాగమని పేరుపెట్టి, దండ వేసేది కొసన కూర్చున్నవాళ్ళు.

మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. తెనాలి దగ్గర మాది మూడెకరాల మాగాణి. 1990 మే తుఫానుకి పశువులు పోయాయి, చావిడి కూలింది, అప్పు మిగిలింది. ఆ ఏడు మా అన్నయ్య ఇంటర్ పూర్తిచేసి ఉన్నాడు, పదిహేడేళ్ళు. నాకు పది. వాడు చదువాపి నాన్నతో పొలంలో దిగాడు. నేను బళ్ళోనే ఉన్నాను. మా ఇద్దరిలో ఎవరు తెలివైనవాడని ఎవరూ పరీక్ష పెట్టలేదు. తుఫాను ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ వ్యాసం మా అన్నయ్య రాసేవాడేమో. తరవాత నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆరేళ్ళు. పొద్దున్నే లేపి, కడిగి, కుర్చీలో కూర్చోబెట్టి పొలానికి వెళ్ళింది అన్నయ్యా, వెనక చూసుకుంది వదినా. నేను డబ్బు పంపాను. ఆ తరవాత అమ్మ కూడా వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మూడెకరాలూ చట్టం ప్రకారం చెరిసగం. చట్టానికి అన్నదమ్ములిద్దరూ సమానం. కాడ, గింజ అన్న తేడా దానికి తెలియదు. నా సగం అన్నయ్య పేర రాసిచ్చేద్దామని నా ఆలోచన. ఇందులో గొప్పేమీ లేదు, నాకది న్యాయంగా తోచింది. నా భార్య కూడా అదే అంది: “బావగారు చేసింది మనం చెయ్యలేదు కదా, రాసిచ్చెయ్యండి.” ఫోన్లో చెప్పాను. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఏరా, ఇన్నాళ్ళకి నాకు జీతం కట్టిస్తున్నావా?” అన్నాడు.

“అలా కాదన్నయ్యా. నువ్వు చేసిందానికి...”

“నేనేం చేశాన్రా? పొలం మనది కాబట్టి దున్నాను. నాన్న నాన్న కాబట్టి చూశాను. ఇందులో నీకోసం చేసిందేముంది, మధ్యలో నువ్వెక్కడ దూరావు?”

వాడికి కోపం లేదు. నిజంగానే అడిగాడు. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను పట్టుకునే ఉంది.

డిక్టీ బొమ్మని నేను ఇన్నాళ్ళూ చూస్తున్నది పైనుంచి. కాడ ఉన్నది గింజ కోసం, అన్నది గింజ చెప్పే కథ. పుస్తకాలు రాసేదీ గింజల సంతానమే మరి. కాడకి సంతానం లేదు, దాని వైపు కథ చెప్పేవాడూ లేడు. అన్నయ్య తన జీవితాన్ని నా జీవితానికి వేసిన మెట్టుగా ఎప్పుడూ అనుకోలేదు. వాడికి పంట ఉంది, ఊరుంది, నాన్నతో నాకు దొరకని ఆరేళ్ళు ఉన్నాయి. దాన్నంతా ‘నా కోసం చేసిన త్యాగం’ అని నేను పేరు పెడితే, వాడి బతుకు మొత్తాన్ని నా కథలో ఒక అధ్యాయం చేసినట్టు. పొగుడుతున్నట్టే ఉంటుంది గానీ అందులో దురాక్రమణ ఉంది.

అలాగని అన్నయ్య మాటకి పూర్తిగా తల ఊపలేను. వాడు నాకోసం చెయ్యలేదు, నిజమే. కానీ వాడు చేసిందానివల్ల నేను ఎగరగలిగానన్నది కూడా అంతే నిజం. నా కోసమని ఉద్దేశించని మేలుకి నేను బాకీ పడతానా? రోడ్డు వేసినవాడు నన్ను తలుచుకుని వెయ్యలేదు; ఆ రోడ్డు మీద నడిచినందుకు నేను పన్ను కడతాను. మంచి మనసుతో ఇచ్చినదానికి కృతజ్ఞత, అప్పుగా ఇచ్చినదానికి వడ్డీతో చెల్లింపు, ఈ రెండూ మనకి తెలుసు. వీటి మధ్య ఇంకోటుంది. ఎవరూ ఇవ్వలేదు, అయినా నా దగ్గర ఉంది. దానికి అప్పు అన్న మాట సరిపోదు. ఋణం అన్న మాట సరిపోతుందేమో. మనవాళ్ళు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు చెప్పారు. ఈ మూడింట్లో ఒక్కటైనా ఇచ్చినవాడి చేతిలో డబ్బు పెట్టి తీర్చుకునేది కాదు. పితృఋణం తీరేది పిల్లల్ని కంటే. అంటే ముందుతరం దగ్గర తీసుకున్నది వెనకతరానికి చెల్లించడం. కానీ ఆ జాబితాలో అన్నదమ్ముల ఋణం లేదు. భ్రాతృఋణం అని ఎవరూ రాయలేదు. సమానుల మధ్య బాకీ ఉండకూడదనుకున్నారో, ఉన్నా బయటికి చెప్పకూడదనుకున్నారో.

మా స్నేహితుల్లో ఒకాయన ఈ సంగతి విని, “మీ అన్నయ్య వద్దంటున్నాడుగా, ఇంక గొడవేముంది? సగం అట్టేపెట్టుకో, రేటు పెరుగుతోంది” అన్నాడు. అది మోసగాడి తర్కం. వద్దన్న మాటని వాడుకుని చోటు సంపాదించడం. ఇంకొకాయన, “బలవంతంగానైనా రాసిచ్చెయ్యి, నీ మనశ్శాంతి కోసం” అన్నాడు. ఇది దానికన్నా మర్యాదగా ఉందిగానీ, లోపల సరుకు ఒకటే. అన్నయ్య మెడలో దండ వేసి నేను ఖాళీ అయిపోవడం. చుక్తా అని రాసుకుని ఫైలు మూసెయ్యడం.

కాడకీ అన్నయ్యకీ నాకు కనిపించే పెద్ద తేడా ఇది. గింజకి వెనక్కి తిరిగి చూసే వీలు లేదు. అది విచ్చుకునే వేళకి కాడ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మా అన్నయ్య బతికే ఉన్నాడు. మాట్లాడతాడు. వద్దంటాడు. ఎందుకు వద్దో కారణం చెబుతాడు. తన జీవితానికి ఏ పేరు పెట్టాలో నాకు సలహా ఇవ్వగలడు. అలాంటి మనిషికి ఏం చెయ్యాలన్నది నేనొక్కణ్ణే ఇక్కడ కూర్చుని తేల్చగలిగే లెక్క కాదు. ఏమిస్తే న్యాయమన్నది అవతలివాడితో కూర్చుని, వాడు ఒప్పుకునే మాటల్లో చెప్పుకోవాలి. మనుషుల మధ్య న్యాయానికి ఆ అవసరం ఉందనీ, అమీబాల మధ్య లేదనీ నా అభిప్రాయం.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న బేరం వేరు. అన్నయ్య రాసివ్వడానికి ఒప్పుకోడు. నేను కౌలు తీసుకోనంటే మాత్రం సరేనన్నాడు, “అది ఎప్పుడు తీసుకున్నావు గనక” అంటూ. అమ్మకం మాట వస్తే ఇద్దరం కలిసి అనుకోవాలన్నాడు. వదిన మోకాళ్ళ ఆపరేషన్ ఖర్చు నేను పెట్టుకుంటానంటే ఆవిడే ఫోన్ లాక్కుని, “ఖర్చు సంగతి తరవాత, ఆ పదిరోజులూ నువ్వొచ్చి ఇంట్లో ఉండు అబ్బాయ్. మీ అన్నయ్యకి గేదెల్ని చూసుకోవడం తెలుసుగానీ కాఫీ పెట్టడం రాదు” అంది. నాకు పదిరోజులు సెలవు దొరకడం ఆ ఖర్చు కన్నా కష్టం. క్లయింటుకి చెప్పాను. జనవరిలో వెళుతున్నాను.